ఒక పోగు తెగితే: జతకట్టిన గ్రాఫిక్స్ చిప్పులను మళ్లీ నడిపించడం



కంప్యూటర్ ముందు కూర్చునే అలవాటున్న వారిలో చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. తెర మీద బొమ్మ కదులుతూ కదులుతూ ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. మౌస్ కదలదు. ఒక్క క్షణం తెర నల్లబడుతుంది. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్లీ వెలుగుతుంది. డిస్‌ప్లే డ్రైవర్ పలకడం మానేసిందనీ, తిరిగి కోలుకుందనీ ఓ మూల చిన్న కబురు కనిపిస్తుంది. 2007లో మార్కెట్లోకి వచ్చిన విండోస్ విస్టా నాటి నుంచి ఈ ఏర్పాటు ఉంది. గ్రాఫిక్స్ చిప్పుకు అప్పగించిన పని మామూలుగా 2 సెకన్లలో కదలకపోతే, చిప్పు స్తంభించిందని లెక్కగట్టి, దాన్ని మళ్లీ మొదటి నుంచి మేల్కొలుపుతారు. నిమిషం వ్యవధిలో ఇలా 5 సార్లను దాటితే ఇక లాభం లేదని మొత్తం కంప్యూటర్‌నే ఆపేస్తుంది. ఇలా మేల్కొలపడాన్నే రీసెట్ అంటారు.

ఒక్క చిప్పు ఉన్నప్పుడు ఇది సులువే. నాలుగో ఎనిమిదో చిప్పులను ఒకదానికొకటి కట్టి, అన్నీ కలిసి ఒకే పని చేస్తున్నప్పుడు, వాటిలో ఒకటి బిగుసుకుపోతే ఏం చేయాలి? ఈనాటి ప్రసంగ విషయం అదే. వినడానికి ఇంజనీర్ల గొడవలా ఉన్నా, మా కాల్హేర్‌లో, పక్కనున్న భివండీలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన వారికి ఇందులో కొత్తదేమీ లేదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడి మరమగ్గాల మీద బతికిన తెలుగు కుటుంబాలు భివండీలో, ముఖ్యంగా పద్మనగర్‌లో, ఎన్నో ఉన్నాయి. వాళ్లనడగండి, మగ్గం ఎప్పుడు ఆగుతుందో చెబుతారు. పేక నూలు తెగితే చిన్న ఫోర్కు కనిపెట్టి ఆ ఒక్క మగ్గాన్ని ఆపేస్తుంది. పక్క మగ్గం దాని పాటికి అది నేస్తూనే ఉంటుంది. ఎవరి గుడ్డ వారిది, ఎవరి బీము వారిది. కానీ పడుగు తయారుచేసే వార్పింగ్ యంత్రం దగ్గర ఈ న్యాయం చెల్లదు. అక్కడ చట్రానికి వందల కోనులు గుచ్చి ఉంటాయి. వందల పోగులు పక్కపక్కన సాగి ఒకే బీముకు చుట్టుకుంటాయి. వాటిలో ఒక్క పోగు తెగితే యంత్రం మొత్తం ఆగాలి. మిగిలిన పోగులు బాగానే ఉన్నాయి కదా, అవి నడవనీ అంటే కుదరదు. తెగిన పోగు వెనకబడిపోతుంది, బీము పాడవుతుంది. ఆపి, ముడివేసి, అన్నిటినీ ఒకే బిగువుతో, ఒకేసారి కదిలించాలి.

విడివిడిగా పనిచేసే గ్రాఫిక్స్ చిప్పులు మగ్గాల వంటివి. జతకట్టిన చిప్పులు వార్పింగ్ పోగుల వంటివి. తేడా ఇంతే. మిగిలిన కథంతా ఈ తేడాలోంచి పుట్టిందే.

జీపీయూ అనే ఈ చిప్పు మొదట తెర మీద బొమ్మలు గీయడానికి పుట్టింది. ఒకే రకం లెక్కను వేల చోట్ల ఏకకాలంలో చేయగలదు గనుక, తర్వాత వాతావరణ అంచనాలకూ, మందుల పరిశోధనకూ, ఈనాటి కృత్రిమ మేధకూ అదే ఆధారమైంది. దాని చేత పని చేయించే ప్రోగ్రామే డ్రైవర్. డ్రైవర్ అంటే బండి తోలేవాడు గుర్తొస్తాడు గానీ, నన్నడిగితే మగ్గాల షెడ్డులోని జాబరే దీనికి సరైన పోలిక. పని పంచేదీ అతనే, ఆగిన యంత్రాన్ని విప్పి సరిచేసేదీ అతనే.

పెద్ద లెక్కలకు ఒక జీపీయూ చాలదు. మామూలు కంప్యూటర్ దారి గుండా రెండు జీపీయూలు మాట్లాడుకోవాలంటే ఆలస్యం. అందుకని తయారీదారులు చిప్పుకూ చిప్పుకూ మధ్య సొంత బాటలు వేశారు. ఎన్విడియా తన బాటకు ఎన్‌వీలింక్ అని పేరు పెట్టింది. ఏఎండీ కంపెనీ బాట పేరు ఎక్స్‌జీఎంఐ. 2018లో ఆ కంపెనీ ప్రకటించిన ఎంఐ60 అనే కార్డులను ఈ బాటలతో నాలుగింటి వరకు వలయంగా కట్టవచ్చు. అలా కట్టిన గుంపును లినక్స్‌లోని ఏఎండీ డ్రైవర్ హైవ్ అని పిలుస్తుంది. అంటే తేనెపట్టు. మంచి పేరే. తేనెపట్టులో ఒక ఈగను కదిపితే మిగతావి ఊరుకుంటాయా!

2022లో అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో ఫ్రాంటియర్ అనే సూపర్ కంప్యూటర్ మొదలైంది. సెకనుకు ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలన్ని లెక్కలు అనే గీతను పరీక్షలో దాటిన మొదటి యంత్రంగా అది ప్రపంచ జాబితాకెక్కింది. దాని ఒక్కో భాగంలో 4 జీపీయూ కార్డులు, ఒక్కో కార్డులో రెండేసి చిప్పులు, వెరసి 8. వాటి మధ్య ఇటువంటి బాటలే. మనకు దగ్గరలో చూడాలంటే పూణేలోని సీ-డాక్ సంస్థ 2020లో నడిపించిన పరమ్ సిద్ధి-ఏఐ ఉంది. అది ఎన్విడియా డీజీఎక్స్ పెట్టెలతో కట్టింది. ఒక్కో పెట్టెలో 8 జీపీయూలు.

బిగుసుకుపోయిన ఒక్క చిప్పును మాత్రం రీసెట్ చేస్తే చాలదా? చాలదు.

ఈ బాటల గుండా ఒక చిప్పు మరో చిప్పు జ్ఞాపకంలోకి నేరుగా చేయి పెట్టి చదువుతుంది, రాస్తుంది. అడిగి తెచ్చుకోవడం కాదు, తన సొంత అరలోంచి తీసుకున్నట్టే తీసుకుంటుంది. అటువంటప్పుడు పొరుగు చిప్పు హఠాత్తుగా మాయమైతే, ఈ చిప్పు చేయి గాలిలో ఉండిపోతుంది. జవాబు రాదు. జవాబు కోసం కాచుకున్న పని ముందుకు పోదు. కాసేపటికి ఇదీ బిగుసుకుపోయినట్టే లెక్క. అంతకంటే ప్రమాదం, ఆగకుండా తప్పు అంకెలతో పని సాగిపోవడం. ఆగిన యంత్రాన్ని చూసి జాగ్రత్త పడవచ్చు. తప్పు లెక్కను సరైన లెక్కగా చూపే యంత్రం ఉందే, దాని వల్లనే అసలు నష్టం.

రెండో కారణం బాటదే. ఈ బాట రోడ్డు లాంటిది కాదు, వేశాక ఎప్పుడూ ఉండటానికి. రెండు కొసల చిప్పులూ మేల్కొన్నప్పుడు ఒకదానికొకటి సంకేతాలు పంపుకొని, వేగం, లయ కుదుర్చుకున్నాకే బాట తెరుచుకుంటుంది. మన దేశపు కరెంటు సంగతి గుర్తు చేసుకోండి. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలినప్పుడు దక్షిణాది గ్రిడ్ ఇంకా దానితో లయ కలపలేదు. రాయచూరు–సోలాపూర్ లైను ద్వారా 2013 డిసెంబరు 31న కలిపారు. అలా కలపాలంటే రెండు వైపులా కరెంటు ఊగే వేగం, ఆ ఊపులో ఉన్న స్థానం సరిపోలాలి. ఒకవైపు గ్రిడ్ నడుస్తూ, రెండోవైపు ఇప్పుడే లేస్తూ ఉంటే స్విచ్చు వేయరు. చిప్పుల మధ్య బాటకూ అంతే. ఒక కొస పడుకొని లేచి కొత్తగా పలకరిస్తుంటే, రెండో కొస పాత సంభాషణ మధ్యలోనే ఉంటే, ఆ రెంటికీ పొత్తు కుదరదు.

కాబట్టి తేనెపట్టులో ఒక చిప్పుకు జబ్బు చేస్తే అన్నిటికీ మందు వేయాలి. అది కూడా వరసగా కాదు, కలిపి.

కలిపి అనడం సులభం. చేయడంలో ఒక మెలిక ఉంది. ఏఎండీ చిప్పుల్లో ఒక రకం రీసెట్‌ను బాకో అంటారు. కంప్యూటర్‌తో కలిపే దారిని ప్రాణంతోనే ఉంచి, చిప్పును మాత్రం ఆర్పివేసి, తిరిగి వెలిగించడం. నాలుగు చిప్పులకు నాలుగు పనివాళ్లను పెట్టి, మీరంతా ఆర్పి వెలిగించండి అన్నామనుకోండి. మొదటివాడు చురుకు. తన చిప్పును ఆర్పి, వెంటనే వెలిగించేస్తాడు. నాలుగోవాడు అప్పటికి ఆర్పనే లేదు. వెలిగిన మొదటి చిప్పు పలకరించేది ఎవరిని? ఆరబోతున్న పాత చిప్పును. బాట చెడుతుంది. అందువల్ల నియమం ఇది: అందరూ ఆర్పినట్టు తేలేదాకా ఏ ఒక్కరూ వెలిగించరాదు.

మేము బడిలో పరీక్షలు పెట్టేటప్పుడు ఒకే పూట రెండు పేపర్లు ఉంటే ఇదే చేస్తాం. గదిలో అందరి జవాబు పత్రాలు చేతికొచ్చాకే రెండో ప్రశ్నపత్రం కట్ట విప్పుతాం. నలభై మంది ఇచ్చి ఒక్కడు రాస్తూ ఉన్నా, ఆ నలభై మందీ కూర్చోవలసిందే. ముందు ఇచ్చినవాడికి ముందు పేపరు ఇచ్చేద్దాం అన్నారో, గదంతా గందరగోళం.

లినక్స్ డ్రైవర్లో 2019 చివర ఏఎండీ ఇంజనీర్లు ఈ పని కోసం ఒక గేటు కట్టారు. దాని పేరు టాస్క్ బ్యారియర్. అందులో గేట్లు రెండు. మొదటి గేటు దగ్గర పనివాళ్లందరూ కూడాలి. లెక్క సరిపోయాక అందరూ ఒక్కసారిగా లోపలికి వెళ్లి తమ చిప్పులను ఆర్పుతారు. రెండో గేటు దగ్గర మళ్లీ కూడాలి. అందరూ వచ్చారని తేలాక బయటికి వచ్చి వెలిగిస్తారు. ఈ కిటుకు కొత్తగా కనిపెట్టింది కాదు. అలెన్ డౌనీ అనే అధ్యాపకుడు విద్యార్థుల కోసం రాసిన సెమాఫోర్ల చిన్న పుస్తకం ఆధారంగా రాశామని ఆ ప్రోగ్రాం తలకట్టులోనే చెప్పుకున్నారు. ఒక పాఠ్యపుస్తకం నుంచి ప్రపంచంలోని పెద్ద యంత్రాల లోపలికి! మాస్టర్లం మేము కాస్త గర్వపడితే తప్పు పట్టకండి.

ఒక్క గేటు చాలదా అని తెలివైన పిల్లలు అడుగుతారు. చాలదు. గేటు దగ్గర ఉన్నది లెక్కించే బంట్రోతు మాత్రమే. నలుగురు రాగానే తెరుస్తాడు. తెరిచాక ముగ్గురు మెల్లగా దాటుతుంటే, నాలుగోవాడు పని ముగించి గిర్రున తిరిగి వచ్చి మళ్లీ అదే గేటులో దూరవచ్చు. పాత లెక్కలో కొత్త మనిషి చేరిపోతాడు, లెక్క తప్పుతుంది. రెండో గేటు ఉంటే అందరూ బయటపడితే గానీ మొదటి గేటు తిరిగి లెక్క మొదలుపెట్టదు. అప్పుడు అదే గేటు ఎన్నిసార్లయినా పనికొస్తుంది.

ఆర్పడం, వెలిగించడం మధ్యలో జరిగేది. దానికి ముందూ వెనకా చేయవలసినవి చాలా ఉన్నాయి. మొదట చిన్న చికిత్స చేసి చూస్తారు. చిప్పు మొత్తాన్ని కదపకుండా, అడ్డం పడ్డ ఒక్క ప్రోగ్రాం ముక్కను మాత్రం చంపడం. అది పనిచేస్తే ఎవరికీ తెలియకుండా పోతుంది. చేయకపోతే తేనెపట్టులోని అన్ని చిప్పులకూ కొత్త పనులు పంపడం ఆపేస్తారు. రోగి చిప్పుకు మాత్రమే కాదు, అన్నిటికీ. తర్వాత రీసెట్. లేచిన చిప్పుకు దాని లోపలి ప్రోగ్రాములను మళ్లీ ఎక్కించాలి, జ్ఞాపకపు పట్టీలను మళ్లీ రాయాలి, ఎవరి పొరుగువారు ఎవరో మళ్లీ చెప్పాలి, చిన్న పరీక్ష పని ఇచ్చి చూడాలి. అప్పుడు గానీ తలుపు తెరవరు. పూర్తి రీసెట్‌లో చిప్పు జ్ఞాపకంలో ఉన్నది పోయినట్టే లెక్క వేయాలి. మధ్యలో నడుస్తున్న లెక్కలు గాలికి పోతాయి.

ఇక్కడ న్యాయం అనే ప్రశ్న వస్తుంది. తప్పు చేసింది ఒక ప్రోగ్రాం. నష్టపోయింది నలుగురు. గ్రాఫిక్స్ ప్రపంచంలో దీనికి మాటలు కూడా కోర్టు మాటలే. ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ ప్రమాణంలో, రీసెట్ తర్వాత ఒక ప్రోగ్రాం తన పరిస్థితి ఏమిటని అడిగితే, నువ్వు దోషివి అనో, నువ్వు నిర్దోషివి అనో జవాబు వస్తుంది. నిర్దోషి అని తేలినా పోయిన లెక్క తిరిగి రాదు. మళ్లీ మొదలుపెట్టుకునే హక్కు మాత్రం దక్కుతుంది. లినక్స్‌లో జీపీయూలకు పనులు పంచే భాగం ఒకటుంది. అది ప్రతి పనికీ ఒక ఖాతా ఉంచుతుంది. ఆ పని వల్ల చిప్పు బిగుసుకున్నప్పుడల్లా ఖాతాలో ఒక అంకె పెరుగుతుంది. హద్దు దాటితే ఆ పనిని దోషిగా గుర్తించి ఇక పంపరు. ఆ ఖాతాకు వాళ్లు పెట్టిన పేరేమిటో తెలుసా? కర్మ. నేను కల్పించి చెప్పడం లేదు, ప్రోగ్రాంలో ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మాటే ఉంది. చేసిన కర్మ చెడని పదార్థం అని మన పెద్దలు అనే మాట, ఎవరి ద్వారానో అక్కడిదాకా పాకింది.

అయితే దోషి ఎవరో తేల్చడం తేనెపట్టులో మహా కష్టం. మొదటి చిప్పు బిగుసుకుంది. రెండో చిప్పు దాని నుంచి అంకెల కోసం ఎదురుచూస్తోంది. గడువు దాటింది. రెండో చిప్పు పని కూడా ఆలస్యమైందని దాని గడియారమూ గంట కొడుతుంది. మూడోది రెండోదాని కోసం చూస్తోంది, అదీ గంట కొడుతుంది. ఇప్పుడు ఒక్క జబ్బుకు మూడు ఫిర్యాదులు. ప్రతి ఫిర్యాదూ మొత్తం తేనెపట్టునే రీసెట్ చేయమంటుంది. ఒకడు తన చిప్పుకు తాళం వేసి, పక్కదాని తాళం కోసం చేయి చాపుతాడు. ఆ పక్కవాడు తనది వేసుకొని వీడిదాని కోసం చేయి చాపుతాడు. ఇద్దరూ కదలరు. ఇరుకు సందులో ఎదురెదురుగా వచ్చిన రెండు టెంపోల్లాగ, నువ్వు వెనక్కి పో అంటే నువ్వు పో అని. భివండీ రోడ్ల మీద తిరిగేవారికి వేరే వివరణ అక్కర్లేదు. రోగం తగ్గించడానికి వచ్చిన వైద్యులే ఒకరినొకరు పట్టుకొని నిలబడిపోతే, ఆ కంప్యూటర్‌ను కరెంటు తీసి పెట్టడం తప్ప దారి ఉండదు.

కొన్నాళ్లు దీనికి ఒక సర్దుబాటు ఉండేది. ఒక రీసెట్ నడుస్తుంటే రెండో ఫిర్యాదుదారు తాళం తట్టి చూసి, ఎవరో ఇప్పటికే పనిలో ఉన్నారని వెనుదిరిగేవాడు. వచ్చే దారులు పెరిగిన కొద్దీ ఈ సర్దుబాటు చిక్కులమయం అయింది. గడువు దాటిన పనులు ఒక దారి. జ్ఞాపకంలో దిద్దరాని తప్పు దొరికిందన్న హెచ్చరిక ఒక దారి. ఒకే కార్డును పలువురికి పంచే సర్వర్ల యజమాని ప్రోగ్రాం నుంచి వచ్చే ఆజ్ఞ మరో దారి. 2022లో దీన్ని తిరగరాసి, రీసెట్ డొమైన్ అనే ఏర్పాటు తెచ్చారు. రేషన్ దుకాణం దగ్గర క్యూ అనుకోండి. ఒక తేనెపట్టులోని చిప్పులన్నిటికీ కలిపి ఒకటే క్యూ, ఒకటే కిటికీ. ఏ చిప్పు నుంచి, ఏ దారిన వచ్చిన రీసెట్ కోరిక అయినా అందులోనే నిలబడాలి. కిటికీ దగ్గర ఒకరి పని ముగిసేదాకా రెండోవారు ముందుకు రారు. తాళాల కోసం గుంజులాట ఉండదు. మొదటి ఫిర్యాదుతో మొత్తం తేనెపట్టు బాగుపడింది గనుక, వెనక నిల్చున్న అదే జబ్బు ఫిర్యాదులను కొట్టివేస్తారు. లేకపోతే ఒక్క జబ్బుకు మూడుసార్లు ఆర్పి వెలిగించాల్సి వచ్చేది.

దీనితో పాటు తలుపు నియమం ఒకటి. మామూలు రోజుల్లో ఎందరైనా లోపలికి వచ్చి చిప్పు సంగతి చూసుకోవచ్చు, ఉష్ణోగ్రత ఎంత, ఎంత పని నడుస్తోంది అని. రీసెట్ చేసేవాడు వచ్చినప్పుడు మాత్రం లోపలున్నవారు బయటికి వచ్చేదాకా ఆగి, తలుపు వేసుకొని పని చేస్తాడు. ఆరిపోయిన చిప్పును ఎవరైనా పలకరిస్తే కంప్యూటరే బిగుసుకోవచ్చు కదా. చాలా సాధారణమైన నియమం. కానీ డ్రైవర్లో ఎన్ని మూలల నుంచి చిప్పును తాకుతున్నారో వెతికి వెతికి, అన్నిచోట్లా ఈ తలుపు పెట్టడమే అసలు కష్టం. నా దృష్టిలో ఇటువంటి చోటే ప్రోగ్రాం రాసేవాడి నిజాయితీ తెలుస్తుంది.

ఎన్విడియా వారు ఇదే సమస్యను కొంత వేరుగా ఎదుర్కొన్నారు. యాంపియర్ తరానికి ముందు వచ్చిన చిప్పుల్లో, ఎన్‌వీలింక్‌తో కట్టిన ఒక చిప్పును రీసెట్ చేయాలంటే దానితో కట్టినవాటన్నిటినీ అదే ఆజ్ఞలో రీసెట్ చేయాలి. 2020లో వచ్చిన యాంపియర్ తరం నుంచి ఒక్కదాన్ని విడిగా చేయవచ్చు. అయితే బాటలన్నీ ఒక కూడలి స్విచ్చు గుండా పోయే పెట్టెల్లో, ఆ కూడలిని నడిపే ఫాబ్రిక్ మేనేజర్ అనే ప్రోగ్రాం సాయం కావాలి. తర్వాతి తరమైన హాపర్‌లో ఆ అవసరమూ లేదు. అంటే వార్పింగ్ యంత్రం మెల్లమెల్లగా మగ్గాల షెడ్డు వైపు జరుగుతోందన్నమాట. ఒకటి తెగితే ఒకటే ఆగడం.

ఇంత శ్రమ దేనికి, ఆపి మళ్లీ వేసుకుంటే పోలేదా అంటారేమో. లెక్క చూడండి. మెటా కంపెనీ తన లామా 3 భాషా నమూనాను తయారుచేసిన తీరును 2024లో ప్రచురించింది. 16,384 జీపీయూలు ఒకే పని మీద. 54 రోజుల వ్యవధిలో ఆ పని 466 సార్లు ఆగింది. అందులో అనుకోకుండా ఆగినవి 419. వాటిలో 148 జీపీయూ చెడిపోవడం వల్ల, 72 జీపీయూ మీది జ్ఞాపకం చెడిపోవడం వల్ల. రోజుకు ఏడెనిమిది సార్లన్నమాట. ప్రతిసారీ మనిషి లేచి వచ్చి స్విచ్చు వేయాలంటే ఆ పని ఎన్నటికి తేలును! అక్కడ మనుషులు గట్టిగా కలగజేసుకోవలసి వచ్చింది మూడే సార్లు. తక్కినవి యంత్రాలే కనిపెట్టి, ఆపి, ఎప్పటికప్పుడు భద్రపరచిన లెక్క దగ్గర నుంచి మళ్లీ అందుకున్నాయి. కాలంలో 90 శాతానికి పైగా అసలు పనికే దక్కింది.

ఈ డ్రైవర్ల ప్రోగ్రాం ఎవరైనా చదవగలిగేలా బహిరంగంగా ఉంది. ఏఎండీ వారి లినక్స్ డ్రైవర్ పూర్తిగా తెరిచిన పుస్తకం. ఆ కంపెనీకి మన హైదరాబాదులోనూ ఇంజనీర్లున్నారు. కాల్హేర్‌లోనో పద్మనగర్‌లోనో సైన్సు చదివే పిల్లవాడు తన ఇంటి కంప్యూటర్ మీదనే దాన్ని తెరచి, టాస్క్ బ్యారియర్ అన్న భాగం వెతికి చదువుకోవచ్చు. వంద పంక్తులకు అటూ ఇటూ ఉంటుంది. కాగితం మీద నలుగురు పనివాళ్లను గీసుకొని, లెక్క ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పెంచుతూ, గేటు ఎప్పుడు తెరుచుకుంటుందో తానే చూసుకోవచ్చు. రెండో గేటు తీసేసి మళ్లీ గీస్తే ఎక్కడ చెడుతుందో కూడా కనిపిస్తుంది.